పసుపు గిన్నెలో రంగు

గోడలకు వేసే ఎమల్షన్ తడిగా ఉన్నంతసేపే నీళ్ళ రంగు. ఆరిందంటే నీళ్ళకు లొంగదు, సబ్బుకూ లొంగదు. గ్రానైట్ మీద పడితే బ్లేడు వాలుగా పెట్టి గీకాలి. స్టీలు మీదైతే మరిగిన నీళ్ళు పోసి పావుగంట వదిలేయాలి. నూలు బట్ట మీదైతే వెనకవైపు నుంచి స్పిరిట్ అద్దాలి, ముందువైపు రుద్దకూడదు. పట్టు మీదైతే ఏం చేసినా, చేయకపోయినా ఏడవాల్సిందే. మనిషి చర్మం మీద నుంచి తీయడం కూడా నాకు తెలుసు. ఒక శ్రావణ శుక్రవారం సాయంత్రం, అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్లోనే, ఐదుగురు ఆడవాళ్ళ పాదాల మీద నేర్చుకున్నాను.

తప్పెవరిదో ముందే చెప్పేస్తాను. తప్పు నాది. ఆ రోజు ఈ రెండు మాటలు నోటి నుంచి రాలేదు కాబట్టే ఇప్పుడు ఇన్ని మాటలు రాయాల్సి వస్తోంది.

మా అత్తగారి లెక్కలో గడపకు పసుపు రాయని శుక్రవారం శుక్రవారమే కాదు. ఆవిడ మోకాళ్ళు మొరాయించాక ఆ పని నా మీద పడింది. నాకు పంజాగుట్టలో ఆఫీసు, తొమ్మిదిన్నరకల్లా మిషన్లో వేలిముద్ర పడాలి. పొద్దున్నే గుమ్మంలో గొంతుక్కూర్చుని పసుపు కలిపి, రాసి, బొట్లు పెట్టి లేచేసరికి నడుము పట్టేసేది, గోళ్ళు పచ్చబడేవి. ఆ చేతులు సోమవారం దాకా ఆఫీసులో బల్ల కింద దాచుకునేదాన్ని. అపార్ట్‌మెంట్లో సగం గుమ్మాలకు అప్పటికే పచ్చరంగు వేయించేశారు. ఒక్కసారి వేస్తే ఏడాది దాకా చూడక్కర్లేదు. మా అత్తగారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. రంగు పూసిన గడపకు అమ్మవారు ఎందుకొస్తుంది, పెయింటర్ వస్తాడు గానీ, అనేవారు. నేను వాదించేదాన్ని కాదు. వాదించకుండా చేయదలచుకున్నది చేసేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. దాన్ని నేను మంచితనం అనుకునేదాన్ని కూడా.

మెట్రో స్తంభాల వెనక సందులో ఒక రంగుల దుకాణం ఉంది. గడపకని చెప్తే ఆ షాపతను ఆయిల్ పెయింట్ డబ్బా పక్కకు జరిపేశాడు. "గదైతే వాసనొస్తదక్కా, రోజంతా ఆరది. గీ ఎమల్షన్ తీస్కోండ్రి. గంటల ఆరిపోతది, మస్తుగ ఉంటది" అన్నాడు. తెల్ల రంగులో పచ్చరంగు చుక్కలు వేసి, పుల్లతో కలిపి, ఇంకో రెండు చుక్కలు వేసి చూపించాడు. అచ్చం నీళ్ళతో కలిపిన పసుపే. అంత బాగా కలిపినందుకు అతన్ని మెచ్చుకుని మరీ వచ్చాను.

ఆ శుక్రవారం పొద్దున అత్తగారు స్నానానికి వెళ్ళగానే గడప ముందు కూర్చున్నాను. రంగు పోసుకోవడానికి ఒక చిన్న గిన్నె కావాలి. వంటింట్లో పాత ప్లాస్టిక్ డబ్బాలు బోలెడున్నాయి. కానీ పద్ధెనిమిదేళ్ళుగా శుక్రవారం పొద్దున గుమ్మంలో కూర్చునే ముందు నా చెయ్యి ఒకే గిన్నె మీదకు వెళ్తోంది. దేవుడి గూట్లో కింది అరలో, కుడివైపు, అంచు కాస్త నొక్కుకుపోయిన స్టీలు గిన్నె. ఆ రోజూ దాని మీదకే వెళ్ళింది. అందులో రంగు పోసుకుని ఒక పూత వేశాను. రెండో పూత సాయంత్రం వేయాలి. మిగిలిన రంగు మీద మీగడ కట్టకుండా ప్లాస్టిక్ కవరు కప్పి, పైన మూత పెట్టి, అది ఎప్పుడూ ఉండే చోటే పెట్టేశాను. దేవుడి గూట్లో, కింది అరలో, కుడివైపు. నా బుద్ధి అప్పటికే ఆఫీసు బస్సెక్కేసింది. డబ్బా బాల్కనీలో పెట్టి పరుగెత్తాను.

కరోనా వచ్చి వెళ్ళాక మా అత్తగారికి వాసనలు తెలియడం మానేశాయి. ఒక కంటికి శుక్లం తీయించాం, రెండోది తీయించాలి. ఇవి రెండూ నాకు తెలియనివి కావు. ఆ సాయంత్రం పేరంటమనీ తెలుసు. ఆవిడే నన్ను కాస్త ముందుగా రమ్మని రెండుసార్లు చెప్పారు.

నేను వచ్చేసరికి పేరంటం ముగింపుకొచ్చింది. మూడో అంతస్తులో ఉండే రిటైరైన టీచరుగారు, మా ఎదురింటి తోడికోడళ్ళిద్దరూ, పైన కొత్తగా దిగిన పెళ్ళికూతురు, వాచ్‌మన్ భార్య. వాచ్‌మన్ భార్యను అందరూ పిలవరు. మా అత్తగారు పిలుస్తారు, పిలిచి అందరి పక్కనా కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఐదుగురి పాదాలూ చీలమండల దాకా పచ్చగా మెరుస్తున్నాయి. పసుపు మెరవదు. అది నాకు తట్టేలోపే అత్తగారు నన్ను చూసి నవ్వారు. ఎడంచేతిలో ఆ గిన్నె ఉంది.

"మా కోడలికి నా మోకాళ్ళ సంగతి తెలుసు. పొద్దున్నే పసుపు కలిపి, మూతపెట్టి మరీ వెళ్ళింది. గడపకు కూడా ఇవాళ ఎంత బాగా పట్టించిందో చూశారా" అన్నారు వాళ్ళతో.

అప్పటికి ఆ రంగు ఇంకా తడిగానే ఉంది. ఇది నేను ఎన్నిసార్లు తలచుకున్నానో నాకే తెలుసు. ఆ క్షణాన, అయ్యో అది పసుపు కాదండీ, రంగు, అని ఉంటే బాత్రూంలో ఐదు చెంబుల నీళ్ళతో పోయేది. నవ్వుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. కానీ అంటే గడపకు రంగు వేసిన సంగతీ బయటపడుతుంది. ఐదుగురి ముందు నన్ను పొగుడుతున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతో అక్కడే నిలబడ్డాను. వాళ్ళు తాంబూలాలూ శనగలూ పట్టుకుని, పసుపు చెప్పులకంటకుండా ఉత్తకాళ్ళతోనే ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. నేను అత్తగారి చేతిలోంచి గిన్నె అందుకుని, వంటింట్లోకి తీసుకెళ్తున్నట్టు వెళ్ళి వాషింగ్ మెషిన్ వెనక్కి తోసేశాను.

అరగంటకు టీచరుగారి ఫోను. ఏంటండీ ఇది, సబ్బుకు పోవట్లేదు, కాళ్ళు బిగుసుకుపోతున్నాయి అని. ఆ తర్వాత ఎదురింటి తలుపు తెరుచుకుంది. గుమ్మం ముందూ మెట్ల మీదా ఐదు జతల పచ్చటి అడుగులు. మా ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వస్తూ ఆ అడుగుల వెంబడే ఇంటికొచ్చి, ఏం జరిగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే టీచరుగారు పైకొచ్చి, జాలిగా, చాలా మర్యాదగా చెప్పారు. "ఏమనుకోకండి. బాల్కనీలో పెయింటు డబ్బా కనిపించింది. పెద్దావిడ పసుపనుకుని అందులోంచి వంపుకున్నట్టున్నారు. మా అమ్మగారికీ ఇలాగే మొదలైంది."

"డబ్బా ఎక్కడుంది?" అని మా ఆయన నన్నడిగారు.

"బాల్కనీలో" అన్నాను. అది నిజమే కదా. ఇంతకంటే సిగ్గుమాలిన నిజం నా జీవితంలో ఇంకోటి చెప్పలేదు. ఆ గొడవలో డబ్బా ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు.

అత్తగారు కుర్చీలో కూర్చుని, గిన్నె గూట్లోనే ఉంది నాన్నా, నేను బాల్కనీలోకే వెళ్ళలేదు, అంటూ ఉన్నారు. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. కొడుకు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, సరేలే అమ్మా, అన్నాడు. ఆవిడ నా వైపు చూశారు. నేను స్పిరిట్ సీసా వెతకడానికి లేచాను.

మిగిలిన సాయంత్రమంతా పాదాలే. ముందు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టడం, తర్వాత కొబ్బరినూనె పట్టించడం, మెత్తబడ్డాక దూదితో స్పిరిట్ అద్ది, చిటికెడు చిటికెడుగా ఒలవడం. వేళ్ళ సందుల్లో అగ్గిపుల్లకు దూది చుట్టి తీశాను. టీచరుగారి పాదాలు వాచి ఉన్నాయి, మెట్టెల కింద పుండు పడకుండా తీయడానికే చాలాసేపు పట్టింది. పెళ్ళికూతురి పాదాలకు పారాణి ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు, రంగుతో పాటు అదీ పోయింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురింటి చిన్నావిడ మీగడ రంగు నూలుచీర కుచ్చిళ్ళకు అంటుకున్నది చెంచా వెనకతో గీకి, వెనక నుంచి స్పిరిట్ అద్దితే చాలావరకు వచ్చింది. ప్రతి ఇంట్లోనూ నేను నేల మీద కూర్చుని పనిచేస్తుంటే వాళ్ళు ఒకటే మాట అన్నారు. పాపం, ఎంత ఓర్పు మీకు, ఇకనుంచీ ఆవిడతో జాగ్రత్తగా ఉండండి. నేను తలూపాను. మూడిళ్ళలోనూ తలూపాను.

చివరికి వాచ్‌మన్ గదికి వెళ్ళాను. ఆవిడ మడమలు పగిలి ఉన్నాయి, పగుళ్ళలోకి రంగు దిగిపోయింది. నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది, తనే తీసుకుంటానంది. బలవంతం చేస్తే కూర్చుంది. నేను లేవబోతుంటే, పెద్దమ్మ పొద్దున మంచిగనే ఉండె గదక్కా, అంది. నేను దూది ఉండలు ఏరుకుంటూ విననట్టు నటించాను.

ఆ మరునాటి నుంచి ఇల్లు మారిపోయింది. మా ఆడపడుచు ఫోన్లో ఏడ్చింది. మా ఆయన పొయ్యి మీటలు ఊడదీసి నా బ్యాగులో వేశారు. పగలు ఆవిడకు అన్నం ఫ్లాస్కుల్లో పెట్టి వెళ్ళేదాన్ని. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మంచివాడే, నెమ్మదిగా అడిగాడు. ఇవాళ ఏ వారం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, ఇందాక చెప్పిన మూడు వస్తువులు ఏవి. మా అపార్ట్‌మెంట్లో ఏ పిల్ల ఏ నక్షత్రంలో పుట్టిందో, ఏ నెలలో ఏకాదశి ఏ రోజొస్తుందో క్యాలెండరు చూడకుండా చెప్పే మనిషి, ఆ గదిలో ఒళ్ళో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. మూడో వస్తువు చెప్పలేకపోయారు. వయసుతో వచ్చేదే, కనిపెట్టుకుని ఉండండి, అన్నాడు డాక్టరు. ఆవిడకు అవసరం లేనిదల్లా ఆ కనిపెట్టుకుని ఉండడమేనని నాకు తెలుసు. తెలిసి, మందులచీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

వస్తుంటే లిఫ్టులో కుర్రకారు ఎవరి గురించో జోకులేసుకుంటూ, ఎర్రగడ్డ పంపించాల్సిందేరా, అన్నారు. పిచ్చాసుపత్రి అక్కడుంది కాబట్టి ఈ ఊళ్ళో పొద్దున్నించి రాత్రిదాకా ఎవరో ఒకరు అనే మాటే. వాళ్ళు మా గురించి అనలేదు. కానీ ఇంట్లోకి రాగానే అత్తగారు చెప్పులు విప్పకుండానే, అమ్మాయ్, నన్ను ఎర్రగడ్డ తీసుకెళ్తారా, అని అడిగారు. అవేం మాటలు అత్తయ్యా, అన్నాను. విసుక్కున్నాను కూడా. తప్పు చేసినవాళ్ళకే విసుగెక్కువ.

నేను భయపడింది ఆవిడ నన్ను నిలదీస్తారని. నిలదీయలేదు. మొదటి వారం గిన్నె గూట్లోనే ఉందన్నారు. రెండోవారం, గూట్లోనే ఉన్నట్టు గుర్తు, అన్నారు. ఆ తర్వాత ఆ మాటే మానేశారు. ప్రతి వస్తువూ నాకు చూపించి అడగడం మొదలుపెట్టారు. ఇది ఉప్పేనా, ఇది కుంకుమేనా, ఇవాళ మంగళవారమేనా. ఎవరైనా తిథి అడిగితే గోడ దగ్గరికి వెళ్ళి క్యాలెండరు మీద వేలు పెట్టి చూసి, నన్ను పిలిచి ఇంకోసారి చూడమనేవారు. శుక్రవారాలు గూటి వైపు వెళ్ళడం మానుకున్నారు. పేరంటాలకు ఎవరు పిలిచినా మోకాళ్ళ నొప్పులన్నారు.

ఆ రోజు ఆవిడ కట్టుకున్నది కుంకుమ రంగు పట్టుచీర. పసుపు చేతులు కొంగుకు తుడుచుకోవడం ఆవిడ అలవాటు, ముత్తయిదువల పసుపు చీరకంటితే మంచిదని. ఆ అలవాటుతోనే తుడుచుకున్నారు. కొంగు మీద ఐదు వేళ్ళ అచ్చు. నేను ఆదివారాలు ఆ చీర ముందేసుకుని కూర్చునేదాన్ని. స్పిరిట్ అద్దితే రంగుతో పాటు చీర ఎరుపూ దిగింది. గోరుతో ఒలిస్తే దారం లేచింది. రెండు వేళ్ళు పోయాయి, మూడు వేళ్ళు ఉండిపోయాయి. దాని కోసం ఎందుకే అంత తాపత్రయం, ఇంకెక్కడ కట్టుకుంటాను, అన్నారావిడ.

కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున మెట్ల మీద మిగిలిపోయిన ఒక అడుగును బ్లేడుతో గీకుతుంటే, వాచ్‌మన్ భార్య చీపురు పక్కన పెట్టి నా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, పెద్దమ్మ డబ్బలకెల్లి పోసుకోలే. పొద్దుగాల మీరు గా గిన్నెతోని గడపకు ఏస్తుంటే నేను మెట్లు ఊడుస్తున్న. చూసిన."

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"నేను చెప్తే ఎవలు నమ్ముతరు? మీరే చెప్తరని చూస్తున్న" అంది. చీపురు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది.

అప్పుడు పైకి వెళ్ళి వాషింగ్ మెషిన్ జరిపాను. గిన్నె అక్కడే ఉంది, అడుగున రంగు గట్టిపడి. మరిగిన నీళ్ళు పోసి పావుగంట వదిలేశాను. అంచున చాకుమొనతో కదిపితే రంగంతా ఒకే పొరగా లేచి వచ్చింది, నొక్కుకుపోయిన అంచు ఆకారంతో సహా. దాన్ని పట్టుకెళ్ళి ముందు మా ఆయనకు చూపించి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కేకలేస్తారనుకున్నాను. ఆ పొరను తిప్పి చూసి, "మూడు నెలలు" అన్నారు. తర్వాత, "నాకు కాదు, అమ్మకు చెప్పు" అన్నారు. ఆయన నా మొహం చూడలేదు.

అత్తగారు హాల్లో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నేను ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆ సాయంత్రం నాలుగిళ్ళలో అలా కూర్చున్నాను గానీ, కూర్చోవాల్సిన చోట మాత్రం కూర్చోలేదు. గడపకు రంగు వేసింది చెప్పాను. గిన్నెలో పోసింది నేనని, గూట్లో పెట్టింది నేనని, వాషింగ్ మెషిన్ వెనక దాచింది నేనని చెప్పాను. ఆవిడ చెప్పిందంతా నిజమేనని, మతి ఎక్కడికీ పోలేదని చెప్పాను. పచ్చటి పొరను ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమి, నొక్కు దగ్గర ఆగారు. నన్ను కొట్టినా బాగుండునని ఎదురుచూశాను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు.

"నువ్వు మంచిదానివే అమ్మాయ్. నాకు మతి పోయిందన్న మాట పడకూడదని నీ నెత్తిన వేసుకుంటున్నావు. నా కోసం ఇలా అబద్ధాలాడకు."

కాదత్తయ్యా, నిజం, అన్నాను. మీ అబ్బాయిని అడగండి, అన్నాను. గుమ్మంలో నిలబడి ఆయన కూడా నిజమేనమ్మా అన్నారు. ఆవిడ మా ఇద్దరినీ చూసి నవ్వారు, చిన్నపిల్లలు కూడబలుక్కుని వస్తే నవ్వినట్టు.

"నాకు గుర్తొచ్చిందిరా మొన్న. బాల్కనీలోకి వెళ్ళడం, ఆ డబ్బా మూత తీయడం, గిన్నెలోకి వంపుకోవడం, అన్నీ గుర్తొచ్చాయి" అన్నారు.

నేను ఇంకేదో చెప్పబోయాను. ఆవిడ ఆ పొరను తిరిగి నా చేతిలో పెట్టేసి, పొయ్యి కట్టేసి ఉందో లేదో ఒకసారి చూసి రమ్మన్నారు. వెళ్ళి చూసి వచ్చాను. కట్టేసే ఉందని చెప్పాను. ఆవిడ తలూపారు. కాసేపటికి మళ్ళీ ఒకసారి చూసి రమ్మన్నారు.